లాటిన్ పలికే గోడలు

ఫ్రాన్సు దేశంలో లువార్ అనే చిన్న నది ఒడ్డున కుత్యూర్ అనే పల్లె ఉన్నది. అదే ఉచ్చారణ గలిగి, రాజప్రాసాదాలకు పేరొందిన పెద్ద నది వేరు. ఈ పల్లె చెంత, కొండవాలు నానుకొని లా పొసొనియేర్ అనే రాతియిల్లు నిలిచి ఉన్నది. 1524లో పియేర్ ద రోన్సార్ అనే మహాకవి జన్మించినది ఈ ఇంటనే.

కవి తండ్రి ఇటలీ యుద్ధాలలో పాల్గొన్నవాడు. అక్కడ వికసిస్తున్న సాంస్కృతిక పునరుజ్జీవన శోభను కన్నులారా చూసి వచ్చి, 16వ శతాబ్ది ఆరంభంలో తన పాత ఇంటిని కొత్త అభిరుచితో తీర్చిదిద్దుకొన్నాడు. ద్వారాలపైనా కిటికీలపైనా లాటిన్ సూక్తులు చెక్కించాడు. కొండను తొలిచిన గదులకు సైతం శాసనాలు వేయించాడు. వంటగదిని అగ్నిదేవుడైన వల్కనుకూ, శ్రద్ధకూ అంకితం చేసిన ఆ గృహస్థుని చమత్కారం ముచ్చట గొలుపుతుంది. విశేషమేమంటే, లాటిన్ పలికే ఈ గోడల నడుమ పుట్టిన బిడ్డ, ఫ్రెంచి భాషలోనే మహాకవిత్వం సాధ్యమని నిరూపించాడు. యౌవనారంభంలో వ్యాధివల్ల వినికిడి మందగించి, రాజోద్యోగపు ఆశ సన్నగిల్లినందువల్లనే ఆయన కవిత్వం వైపు మళ్లినాడు.

రాజప్రాసాదాలను కాపాడుకొంటే చాలదా, పల్లెటూరి ఇంటికి ఇంత రక్షణ ఎందుకని ప్రశ్నించేవారున్నారు. ఈ వాదంతో నేను ఏకీభవించను. ప్రాసాదం రాజుల వైభవాన్ని చెబుతుంది. ఒక సామాన్య ప్రభువు ఏ గదిలో వండించాడో, ఏ గదిలో బట్టలుతికించాడో, మద్యం ఎక్కడ దాచుకొన్నాడో ఇటువంటి ఇల్లే చెప్పగలదు. పైగా ఆ ప్రాంతపు సున్నపురాయి మెత్తనిది. చెక్కడానికి ఎంత అనుకూలమో, వానకు కరగడానికీ అంత అనుకూలం. ఒక్క తరం ఉపేక్షిస్తే అక్షరాలు చెరిగిపోతాయి.

1913 నాటి ఫ్రెంచి చట్టం ప్రకారం రక్షిత కట్టడాన్ని యజమాని సైతం అనుమతి లేకుండా మార్చరాదు. అందుకు ప్రతిగా మరమ్మతులకు ప్రభుత్వ సాయం, పన్నులలో రాయితీ లభిస్తాయి. ఇది న్యాయమే.

అయితే 1943లో వచ్చిన మరొక చట్టం రక్షణను చుట్టూ 500 మీటర్ల మేరకు విస్తరించింది. ఆ పరిధిలో, స్మారకం నుండి కనబడే ఇంటివాడు కిటికీ మార్చుకోవాలన్నా ప్రభుత్వ వాస్తుశిల్పి సమ్మతి కావలసిందే. 2016 నాటి చట్టం ఈ వృత్తానికి బదులు స్థలానుగుణంగా హద్దులు నిర్ణయించుకొనే వీలు కల్పించింది. ఎన్నో పల్లెలలో ఆ పని ఇంకా జరగవలసి ఉన్నది. ఆ హద్దులో చిక్కిన రైతుకు కవి ఇల్లు తనది కాదు, ఆ కీర్తిలో వాటా లేదు, స్మారక యజమానికి దక్కే స్థాయి సాయమూ లేదు. చెక్క కిటికీయే పెట్టుకోమని శాసించినప్పుడు, దానికి అదనంగా అయ్యే ఖర్చును ప్రభుత్వమే భరించాలని నా అభిప్రాయం.