థ్యాంక్స్‌కు ఓ కార్డు ముక్క

మా కోహీర్ బజార్లో జామకాయలు కొన్నా ‘షుక్రియా’ అనేస్తాం. అదే ఇంట్లో ఎవరితోనైనా ‘ధన్యవాదాలు’ అని చూడండి, ‘ఏమైందిరా నీకు?’ అని నవ్వుతారు. అయినవాళ్లకు థ్యాంక్స్ చెప్పడమంటే మనకు మొహమాటం. అందుకే చేతిరాత పనికొస్తుంది. నోట రాని మాట కాగితం మీద తేలిగ్గా వస్తుంది.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకు ఎన్నిసార్లు ‘థ్యాంక్స్’ టైపు చేస్తానో లెక్కే లేదు. ఎవరికి, ఎందుకు చెప్పానో సాయంత్రానికి గుర్తుండదు.

పోయినేడు మా లెక్కల సారు రిటైరయ్యారు. వాట్సాప్ గ్రూపు నిండా దండం బొమ్మలే. నేనొక పోస్టుకార్డు రాశాను. ‘సార్, టెన్త్‌లో బడి వదిలాక గంటసేపు కూర్చోబెట్టి త్రికోణమితి చెప్పేవారు. పైసా తీసుకోలేదు. నా ఇంజనీరింగ్‌కు పునాది ఆ గంటలే.’ అంతే.

వారం తర్వాత సారు ఫోన్ చేశారు. ‘నేను మరిచేపోయానురా, అట్ల చెప్పిన్నా?’ అన్నారు. గొంతు వణికింది.

మంచి చేసినవాళ్లు మరిచిపోతారు. అందుకున్నవాళ్లు చెప్పకపోతే అది జరిగినట్టే ఎవరికీ తెలియదు.

ఎలా రాయాలంటారా? పెద్ద మాటలొద్దు. వాళ్లు చేసిన ఒక్క పని, దానివల్ల మీకు జరిగిన మేలు, కింద మీ పేరు. చాలు. మన దేశంలో 1879 నుంచి ఉన్న పోస్టుకార్డు, ఏళ్లుగా 50 పైసలే. ఈ ఆదివారం ఒకరికి రాయండి. అమ్మకైతే కార్డు కూడా అక్కర్లేదు, చిన్న చీటీ రాసి పోపుల డబ్బాలో పెట్టండి.