నవల చదివితే మార్కులు తగ్గుతాయా?



పదో తరగతి పిల్లల చేతిలో కథల పుస్తకం కనిపిస్తే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "ముందు పరీక్షలు కానీ, తర్వాత చదువుకోవచ్చు." పది అయ్యాక ఇంటర్, దాంతోపాటు జేఈఈ, నీట్. ఆ "తర్వాత" చాలామంది పిల్లలకు రానే రాదు. ఈ నెల ఒక సైన్సు నవలను ముందు పెట్టుకుని, ఆ మాట ఎంతవరకు సబబో ఆలోచిద్దాం.

అమెరికా రచయిత ఆండీ వీర్ నవల 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ' 2021లో వచ్చింది. కథానాయకుడు రైలాండ్ గ్రేస్ ఒకప్పుడు పరిశోధకుడు, ఆ తర్వాత స్కూల్లో సైన్సు మాస్టారు. కథ మొదట్లో ఆయనకు ఒక కొత్త చోట మెలకువ వస్తుంది. పక్క మంచాల మీద ఇద్దరు చనిపోయి ఉంటారు. తన పేరు కూడా గుర్తు రాదు. వస్తువులు మామూలు కంటే వేగంగా కింద పడుతున్నట్టు అనిపిస్తుంది. అనిపించింది కదా అని వదిలేయడు. ఎత్తు కొలుస్తాడు, పడటానికి పట్టిన సమయం కొలుస్తాడు, లెక్క కడతాడు. భూమి మీద దాదాపు 9.8 రావాల్సిన గురుత్వ త్వరణం అక్కడ 15 వస్తుంది. అంటే తను భూమి మీద లేడు! సూర్యుడి శక్తిని తినేస్తున్న సూక్ష్మజీవుల నుంచి భూమిని కాపాడే మార్గం వెతకడానికి, దాదాపు 12 కాంతి సంవత్సరాల దూరంలోని టౌ సెటి నక్షత్రం దగ్గరకు వచ్చిన అంతరిక్ష నౌకలో ఉన్నాడు.

ఆ 9.8 మన పిల్లలకూ తెలుసు. ఓఎంఆర్ షీటులో సరైన గడిని క్షణంలో నింపేస్తారు. "నువ్వు కొలిచి చూపించు" అంటే మాత్రం చాలామంది ఆగిపోతారు. తప్పు పిల్లలది కాదు. జవాబు అడగడం మనం అలవాటు చేశాం, కొలవమని అడగడం చేయలేదు.

వారం వారం టెస్టులు వృథా అని నేను అనడం లేదు. గ్రేస్ అంత త్వరగా లెక్క కట్టగలిగాడంటే ఆ వెనక ఏళ్ల సాధన ఉంది. కానీ ఆ లెక్కను ఎప్పుడు, ఎందుకు వేయాలో ఏ ప్రశ్నపత్రమూ ఆయనకు చెప్పలేదు. తనకు కలిగిన అనుమానమే చెప్పింది. పిల్లల్లో ఆ అనుమానాన్ని నిద్రలేపే పని ఇలాంటి కథ బాగా చేస్తుంది.

ఇందులో మరో సంగతి ఉంది. గ్రేస్‌కు అక్కడ వేరే లోకపు జీవి ఒకటి ఎదురవుతుంది. దానికి రాకీ అని పేరు పెడతాడు. రాకీ గొప్ప ఇంజనీరు, కానీ రేడియేషన్ అంటే ఏమిటో దానికి తెలియదు. గ్రేస్‌కు అది తెలుసు, కానీ రాకీలా వస్తువులు తయారు చేయలేడు. ఒకరికి తెలియనిది ఇంకొకరు నేర్పుకుంటేనే ఇద్దరికీ దారి దొరుకుతుంది. పక్క బెంచీ పిల్లవాడికి లెక్క చెబితే తన ర్యాంకు పోతుందేమోనని భయపడే పిల్లలు ఈ భాగం తప్పక చదవాలి.

మన చీమకుర్తి నల్లరాయికి ప్రపంచమంతా పెట్టుకున్న పేరు బ్లాక్ గెలాక్సీ. నల్లటి ఆకాశంలో చుక్కల్లా మెరుస్తుంది కాబట్టే ఆ పేరు. ఆ మెరుపు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. రోజూ ఆ రాళ్ల లారీల పక్క నుంచే బడికి వచ్చే పిల్లలు "ఎందుకు మెరుస్తుంది?" అని అడిగితే విసుక్కోకండి. కల్లంలో మిరపకాయను చెవి దగ్గర ఆడించి, గింజల గలగలను బట్టి ఎండిందో లేదో చెప్పే రైతు చేసేదీ పరీక్షే. కాబట్టి "మాకు సైన్సు తెలియదు" అని మీరూ వెనక్కి తగ్గనక్కర్లేదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. చిన్న గ్రానైట్ ముక్కను దారానికి కట్టి వేలాడదీయండి. పై ముడి నుంచి రాయి మధ్య వరకు సరిగ్గా ఒక మీటరు ఉండాలి. కొద్దిగా పక్కకు లాగి వదిలి, అటూ ఇటూ 20 ఊపులు లెక్కపెట్టమనండి. దాదాపు 40 సెకన్లు పడుతుంది. ఆ సెకన్లను 20తో భాగిస్తే ఒక ఊపుకు పట్టే సమయం వస్తుంది. మీటర్లలో దారం పొడవును 39.5తో గుణించి, ఆ సమయం వర్గంతో భాగిస్తే 9.8కి దగ్గరగా వస్తుంది. తేడా వస్తే ఇంకా మంచిది. ఎందుకు వచ్చిందో పిల్లలే వెతుకుతారు.

తొమ్మిదో తరగతి, ఆపైన చదివే పిల్లలకు ఈ నవల ఇచ్చి, రోజుకు అరగంట వదిలేయండి. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది కదా అని మీరు దూరంగా ఉండకండి. రాత్రి అన్నం దగ్గర "ఇవాళ ఏం జరిగింది, తెలుగులో చెప్పు" అనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, వాళ్లకూ అర్థమైనట్టే.