గొంతు లేని బాలనాటకం

ఎండలు ముదిరేలోగానే మా ఊరి గోడల మీద కాగితాలు వెలుస్తాయి. ఈత, కరాటే, చిత్రలేఖనం, అబాకస్, వాటి సరసనే కొన్నేళ్ళుగా ‘బాలల నాటక శిక్షణ శిబిరం’. పదిహేను రోజులు, రోజుకు రెండు గంటలు, చివరిరోజున రంగస్థలం మీద ప్రదర్శన, పాల్గొన్నవారందరికీ ప్రశంసాపత్రం, జ్ఞాపిక. నాటకమన్న మాట గోడ మీద కనబడినందుకు సంతోషించవలసినవాణ్ణి నేను. మూడు దశాబ్దాలకు పైగా బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. సాహిత్యానికి చివరిమెట్టు నాటకమని గురువుల వద్ద విన్నవాణ్ణి. అయినా ఈ శిబిరాల తీరు చూశాక సంతోషించలేకపోతున్నాను. కొందరు మిత్రులకు కష్టం కలిగినా సరే, ఉన్నమాట చెబుతాను. నేను చూసినవాటిలో అధికభాగం పిల్లలకు నాటకం నేర్పడం లేదు. పెద్దలకు ఒక సాయంత్రం వినోదం సమకూర్చడానికి పిల్లలను వాడుకొంటున్నాయి.

ఇంత మాట ఊరికే అనలేదు. అలాంటి ఒక శిబిరానికి పిల్లల ఉచ్చారణ దిద్దడానికి నన్ను పిలిచారు. ఊరూ పేరూ అనవసరం. నడిపినవారు చెడ్డవారు కారు. మొదటి రెండు రోజులు చక్కగా గడిచాయి. పిల్లలు గుండ్రంగా కూర్చొని ఆటలాడారు, లేని బంతిని ఒకరికొకరు విసురుకొన్నారు, సంతలో బేరాలాడారు. మూడోరోజున పాత్రలు పంచారు. అక్కడితో ఆట ఆగిపోయింది. గొంతు పెద్దగా ఉన్నవాడు రాజు, నదురుగా కనబడే పిల్ల రాణి, మిగిలినవారు భటులు, కుందేళ్ళు, చెట్లు. నాలుగోరోజు నుంచి వల్లెవేత. పదోరోజుకు దుస్తుల కొలతలు, అద్దెకు కిరీటాలు. పన్నెండోరోజున, ఉన్న మైకులు చాలవనీ, పిల్లలు సమయానికి మాట మరిచిపోతారనీ, సంభాషణలన్నీ ముందే రికార్డు చేశారు. ప్రదర్శన రోజున స్పీకర్లలో మాటలు వచ్చాయి. వేదిక మీద పిల్లలు పెదవులు కదిపారు. హాలంతా చప్పట్లు.

మిత్రులారా, ఒక్క క్షణం ఆలోచించండి. సొంత గొంతు అక్కడే ఉండగా దానిని మూయించి, డబ్బాలో నుంచి వచ్చే గొంతుకు నోరు ఆడించమనడం నాటక శిక్షణ ఎలా అవుతుంది? నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించింది. ఈ శిబిరాలు వాచికాన్ని యంత్రానికి అప్పగించాయి. సాత్త్వికం మనసులో నుంచి పుట్టవలసింది, దానికి పదిహేను రోజుల్లో తీరిక లేదు. ఆంగికాన్ని వెనుక పాడే పాటకు వేసే గంతులుగా మార్చాయి. మిగిలింది ఆహార్యం ఒక్కటే, అదీ అద్దెకు తెచ్చింది.

కాగితం సంగతి మరీ విచారకరం. ఆ పిల్లలకిచ్చిన సంభాషణలు తెలుగులో ఉన్నాయి గాని తెలుగు లిపిలో లేవు. ‘మా పిల్లలకు చదవడం రాదండీ’ అని తల్లిదండ్రులే కోరితే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చారట. ఆ అక్షరాల్లో కల, కళ, కాల మూడూ ఒకేలాగ ఉంటాయి. పాడు, పాదు, పడు కూడా అంతే. తోటమాలి వేషం వేసిన పిల్లవాడు ‘మొక్కలకు పాదు తీశాను’ అనవలసిన చోట ‘మొక్కలకు పాడు తీశాను’ అన్నాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. ఎందుకు నవ్వారో వాడికి తెలియదు. పాదు అంటే ఏమిటో వాడికి ఎవరూ చెప్పలేదు, చూపించలేదు. హాలు బయటనే ఒక వేపమొక్కకు పాదు ఉన్నది. అయిదు నిమిషాలు బయటికి తీసుకువెళ్ళి, చేతికి ఒక పుల్ల ఇచ్చి మట్టి తీయమంటే మాటా వచ్చేది, అభినయమూ వచ్చేది. ఆ అయిదు నిమిషాలు కిరీటాలు సరిచూడడానికి పోయాయి.

ఆ శిబిరంలోనే మరొక పిల్లవాడు ఉండేవాడు. కొంచెం నత్తి. మొదటి రెండు రోజుల సంతాటలో ఉల్లిపాయలమ్మేవాడుగా కూర్చొన్నాడు. మాట తడబడిన చోటల్లా తక్కెడ ఎత్తి చూపిస్తూ, గిరాకీని కసురుకొంటూ, ఎంత బాగా చేశాడంటే తక్కిన పిల్లలు వాడి చుట్టూ మూగారు. పాత్రల పంపకంలో వాడికి చెట్టు వచ్చింది. మాటలేని చెట్టు. ‘ప్రదర్శన మధ్యలో ఆగిపోతే బాగుండదు కదండీ’ అన్నారు. ఆ శిబిరం ఎవరికి ఎక్కువ అవసరమో వాడినే అది అట్ట కొమ్మల వెనుక నిలబెట్టింది. ఎందుకు? చివరిరోజు సాయంత్రం బాగుండాలి గనుక. నా ఫిర్యాదంతా ఈ ఒక్క మాటలో ఉన్నది. బాగుండవలసింది పిల్లవాడా, సాయంత్రమా?

రవీంద్రుని ‘తోతాకాహిని’ చదివినవారికి ఈ సంగతి కొత్త కాదు. రాజుగారు చిలుకకు చదువు చెప్పించబోతే, బంగారు పంజరం తయారవుతుంది, పంజరం చూసి అందరూ మెచ్చుకొంటారు, పుస్తకాల కాగితాలు చిలుక నోట్లో కుక్కుతారు, చివరకు చిలుక చచ్చిపోతుంది. ఈ కథనే కన్నడ రంగస్థల దిగ్గజం బి.వి. కారంత్ ‘పంజరశాలె’ అన్న పేరుతో బాలల నాటకం చేశారు. పిల్లల నాటకశిబిరాలు నడిపేవారు ముందు ఆ కథ చదువుకొంటే మేలు.

మనకు మార్గదర్శకులు లేకపోలేదు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారని మన నాటక చరిత్రకారులు చెబుతారు. ఆయన తెలుగు పండితుడు, ఆడినవారు బడిపిల్లలు, విషయం కోర్టుల్లో జరిగే అన్యాయం, భాష జనం మాట్లాడుకొనే భాష. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నాం. దండలు వేస్తున్నాం, ఉపన్యాసాలు చేస్తున్నాం. ఆ తరువాత వారం పదిరోజులకు బడులకు సెలవులిస్తారు, ఈ శిబిరాలు మొదలవుతాయి. ఆయన పని ఏమిటో ఒక్కరికీ గుర్తుకు రాదు.

రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా మన తరం ప్రేమగా పిలుచుకొన్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తలచుకోండి. రేడియోలో కిరీటం కనబడదు, జరీ అంచు కనబడదు. పిల్లల దగ్గర ఉన్నది గొంతు ఒక్కటే. దానితోనే వారు నవ్వించాలి, భయపెట్టాలి, వాన కురిపించాలి. మా బడిరోజుల్లో ఆ కార్యక్రమాలు వింటూ మేము ఇంట్లో వాటిని అనుకరించేవాళ్ళం. పైసా ఖర్చు లేని నాటకశిక్షణ అది. రేడియో ఆహార్యాన్ని వదిలి వాచికాన్ని పెంచింది. నేటి శిబిరం వాచికాన్ని వదిలి ఆహార్యాన్ని పట్టుకొన్నది.

సురభివారి ఇళ్ళలో పిల్లలు నాటకాల మధ్యనే పెరిగారు కదా, వారు ప్రదర్శనలు ఇవ్వలేదా అని కొందరు అడుగుతారు. ఇచ్చారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబాల్లో బాలకృష్ణుడూ ప్రహ్లాదుడూ లవకుశులూ ఇంటి పిల్లలే. కాని ఆ పిల్లలు వేదిక ఎక్కేనాటికి వందసార్లు తెర పక్క నుంచి నాటకం చూసి ఉంటారు. తల్లి పద్యం పాడుతుండగా ఒడిలో నిద్రపోయి ఉంటారు. వారికి అది జీవితం. పదిహేను రోజుల పిల్లలకు వారిని పోలిక తేవడం న్యాయం కాదు.

నన్ను ఆక్షేపించేవారు మూడు మాటలంటారు. మొదటిది, రుసుము కట్టిన తల్లిదండ్రులకు చివరకు ఏదో ఒకటి చూపించాలి కదా అని. చూపించండి. పిల్లలు రోజూ కూర్చొనే ఆ గదిలోనే, కిరీటాలూ మైకులూ లేకుండా, ఆ రోజు ఆడే ఆటలు చూడమనండి. తల్లిదండ్రులను చాప మీద కూర్చోబెట్టండి. మూడు గజాల దూరంలో కన్నబిడ్డ గొంతు వినడానికి మైకు అక్కరలేదు. బ్రిటనులో పీటర్ స్లేడ్ 1954లోనే ‘చైల్డ్ డ్రామా’ అన్న గ్రంథంలో, పిల్లల ఆటే ఒక స్వతంత్ర కళ అనీ, చిన్నపిల్లలను పెద్దల రంగస్థలం మీదికి ఎక్కించి ప్రదర్శనకు పెట్టడం తగదనీ వాదించాడు. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ ముక్క మనకింకా చేరలేదు.

రెండవది, వేదిక ఎక్కితే సభాపిరికితనం పోతుందని. రికార్డు వెనుక దాక్కొన్నవాడికి ఏ పిరికితనం పోతుంది? మాట మరిచిపోయి, తడుముకొని, పక్కవాడు అందించగా మళ్ళీ అందుకొన్నవాడికి కదా ధైర్యం వచ్చేది! తప్పుపోవడానికి వీలులేకుండా చేసి ధైర్యం నేర్పామనడం, నీళ్ళు లేని చెరువులో ఈత నేర్పామనడమే.

మూడవది, ఇంట్లో కూర్చొని సెల్‌ఫోను చూస్తూ ఉండడం కంటె ఇది నయం కదా అని. ఈ మాటలో కొంత నిజం ఉన్నది, కాదనను. పదిమంది పిల్లలు ఒకచోట కలవడమే ఈ రోజుల్లో గొప్ప. కాని ఆ పదిహేను రోజులూ పిల్లలను కలిపి ఉంచింది ఆ మొదటి రెండు రోజుల ఆటలే. ఆ ఆటలనే పదిహేను రోజులూ ఆడించమంటున్నాను.

ఇక ఎవరి పిల్లలు ఇక్కడికి వస్తున్నారు? రుసుము కట్టగలవారి పిల్లలు. మా సర్కారు బడి పిల్లలకు వేసవి అంటే మామిడితోటలో కూలి, లేదా ఇంటి దగ్గర చెల్లెలిని ఎత్తుకోవడం. మైసూరులో రంగాయణం వేసవిలో జరిపే ‘చిన్నర మేళా’ ప్రసిద్ధమైనది. రంగాయణం కర్ణాటక ప్రభుత్వ సంస్థ. మనకు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో 1966లో మొదలైన జవహర్ బాలభవన్ ఉన్నది. జిల్లా కేంద్రాల్లో, మండలాల్లో, బడిగదులు తాళాలు వేసుకొని వేసవంతా ఖాళీగా ఉంటాయి. ఆ తాళం తీయించడానికి ఉద్యమమేమీ అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.

అసలు ఇది వేసవిపని కాదు, ఏడాది పొడుగునా బడిలో జరగవలసిన పని. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం నాటకంతో సహా కళలన్నీ పదో తరగతి దాకా చదువులో భాగం కావాలన్నది. 2020 జాతీయ విద్యావిధానం కళలతో కలిపి పాఠం చెప్పమన్నది. కాలపట్టికలో కళల గంట ఉన్నా, దానిని లెక్కల మాస్టారు అరువు తీసుకొంటారు, తిరిగి ఇవ్వరు. తెలంగాణలో 2018లో బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. చట్టం తెలుగును కాలపట్టికలోకి తేగలదు. పిల్లవాడి నోటిలోకి తేవలసినవాడు ఉపాధ్యాయుడే.

కనుక నా తోటి పండితులకూ ఒక మాట. పాఠ్యపుస్తకంలో నాటకభాగం వస్తే మనం ఏం చేస్తున్నాం? కవిపరిచయం, ప్రతిపదార్థం, సందర్భసహిత వ్యాఖ్య. సంభాషణను పిల్లల చేత పలికించడం పరీక్షలో లేదు గనుక మనకూ లేదు. ‘వచ్చావా’ అన్న ఒక్క మాట తీసుకోండి. పొద్దుపోయి ఇల్లు చేరిన కొడుకుతో తల్లి అన్నట్టు, అప్పు తీసుకొన్నవాడితో షావుకారు అన్నట్టు, బస్సు దిగిన మనవడితో అమ్మమ్మ అన్నట్టు, ఆలస్యంగా వచ్చిన విద్యార్థితో మాస్టారు అన్నట్టు పలకమనండి. మన అలంకారికులు చెప్పిన కాకువు పిల్లలకు ఒక్క గంటలో బోధపడుతుంది. కిరీటం అక్కరలేదు, రుసుము అక్కరలేదు, నత్తి ఉన్న పిల్లవాడికీ ఆ మాటలో వంతు ఉంటుంది.

వచ్చే వేసవికి పిల్లలను శిబిరంలో చేర్చదలచిన తల్లిదండ్రులు డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. చివరిరోజున వినిపించేది మా పిల్లవాడి గొంతేనా? వాడికిచ్చే కాగితం తెలుగు లిపిలో ఉంటుందా? చెట్టు వేషం వేసే పిల్లవాడికి ఒక్క మాటైనా ఉన్నదా? ఈ మూడింటిలో దేనికి ‘లేదు’ అన్న సమాధానం వచ్చినా, ఆ రుసుముతో నాలుగు మంచి తెలుగు పుస్తకాలు కొని, ఇరుగుపొరుగు పిల్లలను మీ వసారాలో కూర్చోబెట్టి, పాత్రలు పంచుకొని చదివించండి.

శిబిరాలు నడిపే మిత్రులు దీనికి జవాబు రాస్తే నిండుమనసుతో చదువుతాను. అంతకంటె, వచ్చే ఏడు ఆ చెట్టుకు రెండు మాటలు రాసిపెడితే ఎక్కువ సంతోషిస్తాను.