బూటులో రెండో పిస్తోలు

ఈ వారం ఉత్తరాల కట్టలో ఒక ఉత్తరం నన్ను రెండు రోజులపాటు వదల్లేదు. రాసిన కుర్రాడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడట. పేరూ ఊరూ వేయొద్దన్నాడు. వేయను.

"సార్! కౌబాయ్ సినిమాల్లో హీరో తుపాకుల బెల్టు విప్పి పారేస్తాడు. విలన్ పకపకా నవ్వుతాడు. అంతలో హీరో వంగి, బూటులోంచి బుల్లి పిస్తోలు తీసి ఢామ్మనిపిస్తాడు. నిజంగా అలా కుదురుతుందా?" అని ప్రశ్న.

ఇంతవరకూ సరదాగానే ఉంది. కాగితం తిప్పితే వెనకవైపు చిన్న అక్షరాలతో ఇంకో మాట. "మా కాలేజీలో ఒక బ్యాచితో నాకు పడడం లేదు. నేను కూడా బూటులో ఏదైనా చిన్నది పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది కదా సార్?"

మొదటి ప్రశ్నకి జవాబు రాయడం నాకు సరదా. రెండో ప్రశ్నకి రాయకపోతే తప్పు. అందుకని బాబూ, రెండూ కలిపే రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదువు.

* * *

ముందు బూటు సంగతి.

అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఆ తర్వాత టెక్సాస్ నుంచి వేల పశువుల్ని కాన్సాస్‌లోని రైలు స్టేషన్లకి తోలుకెళ్లే పని జోరందుకుంది. ఆ తోలేవాళ్లే కౌబాయ్‌లు. మన భాషలో చెప్పాలంటే పశువుల కాపర్లు. రోజంతా జీను మీదే బతుకు. కౌబాయ్ బూటు ఆ బతుకు కోసం పుట్టింది. 1879లో టెక్సాస్‌లోని స్పానిష్ ఫోర్ట్ అనే చిన్న ఊళ్లో జస్టిన్ అనే ఆయన బూట్లు కుట్టడం మొదలెట్టాడు. ఆ పేరుతో బూట్లు ఇప్పటికీ వస్తున్నాయి.

ఆ ఎత్తు మడమ స్టయిలు కోసం కాదు. రికాబులోంచి పాదం ముందుకి జారిపోకుండా ఆపడానికి. పొడుగాటి గొట్టం ముళ్లపొదలు గీరుకోకుండా కాపాడ్డానికి. లేసులు ఉండవు. ఎందుకంటే గుర్రం మీంచి పడినప్పుడు కాలు రికాబులో ఇరుక్కుంటే, గుర్రం మనిషిని నేలమీద ఈడ్చుకుపోతుంది. అప్పుడు బూటు ఊడి రావాలి. కాలు బయటపడాలి. అంటే ఆ వదులే రౌతు ప్రాణాన్ని కాపాడేది. ఆ వదులులో ఓ ఇనప ముక్క కుక్కామనుకోండి, ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

బూటు గొట్టంలో సరుకు దాచడం అక్కడి జనానికి తెలియని విద్యేం కాదు. చాటుగా సారా అమ్మేవాళ్లు సీసాని బూటులో దోపుకునేవారు. దొంగసారా వ్యాపారికి "బూట్‌లెగర్" అన్న పేరు అలా వచ్చిందే.

* * *

ఇక పిస్తోలు.

తెరమీద హీరో నడుముకి వేలాడేది చాలాసార్లు 1873లో వచ్చిన కోల్ట్ రివాల్వర్. ఆరు గుళ్లు పడతాయి గాని, తెలిసినవాళ్లు ఐదే వేసుకునేవారు. గుర్రం మీద కుదుపుకి సుత్తి తగిలి తనంతట తాను పేలకుండా ఆ కింది గది ఖాళీగా ఉంచేవారన్నమాట. బరువు కిలో పైమాటే. దాన్ని బూటులో పెట్టుకుని నడిస్తే హీరో కుంటుతున్నాడని విలనుకి మొదటి రీలులోనే తెలిసిపోతుంది!

అందుకే బుల్లి పిస్తోలు. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ అనే తుపాకుల పనివాడు జేబు పిస్తోళ్లు చేసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన పేరే ఆ జాతి పిస్తోళ్లన్నింటికీ స్థిరపడింది. వాటిలో బాగా అమ్ముడుపోయింది రెమింగ్టన్ వాళ్ల రెండు గొట్టాల పిస్తోలు. 1866 నుంచి 1935 వరకూ సుమారు లక్షన్నర తయారయ్యాయి. పొడవు ఐదంగుళాల లోపు. బరువు మూడొందల గ్రాములు. పేలేది రెండే రెండు సార్లు. అదీ పేకాట బల్లకి ఇవతల కూర్చున్నవాడు అవతలివాణ్ని కొట్టేంత దూరానికే నమ్మకం. దాటితే దేవుడే దిక్కు.

మరి రెండోది ఎందుకు? పాత రివాల్వర్లలో ఒక్కసారి గుళ్లు అయిపోతే, గది గదికీ మందు పోసి, గుండు దిగగొట్టి, వెనక క్యాపు తగిలించాలి. అది నిమిషాల పని. ఎదుటివాడు అంతసేపు ఆగుతాడా? అందుకని నింపి ఉంచిన రెండో తుపాకి. ఇంకో కారణం కూడా ఉంది. అప్పటి పశ్చిమ పట్నాలు కొన్నింటిలో ఊళ్లోకి రాగానే ఆయుధాలు అప్పగించాలని రూలు ఉండేది. ఆరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లోనూ ఉంది. 1881 అక్టోబరు 26న అక్కడ జరిగిన ఓకే కొరాల్ కాల్పుల గురించి ఎన్ని సినిమాలు తీశారో! ఆ కాల్పులకి దారితీసిన తగాదాల్లో ఈ రూలు కూడా ఒకటి. అర నిమిషంలో ముగ్గురు పోయారు.

ఇంకో చిత్రం చెప్తాను వినండి. ఆ రోజుల్లో తుపాకీ బాహాటంగా పెట్టుకు తిరగడం మగతనం. దాచుకు తిరగడం పిరికితనం, మోసం. కెంటకీ రాష్ట్రం 1813లోనే దాచిన ఆయుధాల్ని నిషేధించింది. చేతికర్రలో కత్తి దాచినవాడి కేసు కోర్టుకెక్కితే, 1822లో ఆ చట్టం చెల్లదని కొట్టేశారనుకోండి, అది వేరే సంగతి. జనం దృష్టిలో మాత్రం దాచినవాడు దొంగే.

మరి దొంగపని హీరోపని ఎప్పుడయింది? సినిమావాళ్ల చేతిలో పడ్డాక!

* * *

1957 నుంచి 1963 వరకూ అమెరికా టెలివిజన్‌లో "హావ్ గన్ విల్ ట్రావెల్" అనే సీరియల్ వచ్చింది. అందులో హీరో పాలడిన్ బెల్టు బకిల్ వెనక డెరింజర్ దాచుకుంటాడు. 1965లో మొదలైన "ది వైల్డ్ వైల్డ్ వెస్ట్" ఇంకో మెట్టు ఎక్కింది. జేమ్స్ వెస్ట్ బూట్ల మడమలు బోలు! విడివిడి భాగాలుగా పిస్తోలు వాటిలో ఉంటుంది. తీసి బిగించుకుని కాలుస్తాడు. 1966లో సెర్జియో లియోనే తీసిన "ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ"లో టూకో సంగతి తెలుసుగా? స్నానాల తొట్టిలో, సబ్బు నురగ కింద పిస్తోలు! పగ తీర్చుకోడానికి వచ్చినవాడు డైలాగులు చెబుతుంటే ఇతగాడు నురగలోంచే కాల్చేస్తాడు. థియేటర్లో ఆ సీనుకి నవ్వనివాడు నాకు కనపడలేదు.

ఇదంతా రచయితల తెలివి. హీరో ఓడిపోయాడని విలన్ అనుకోవాలి, ప్రేక్షకుడు అనుకోకూడదు. అందుకని ముందెప్పుడో ఒక సీనులో బూటు వైపు చూపిస్తారు. రహస్యం మనకి తెలుసు, వాడికి తెలియదు. ఆ ఆనందంతోనే ఈలలు.

ఇక తీసేటప్పుడు చూడండి. హీరో వంగడం ఒక షాటు. చెయ్యి బూటులోకి వెళ్లడం క్లోజప్పు. విలన్ మొహం ఇంకో క్లోజప్పు. మళ్లీ హీరో, పిస్తోలు చేతిలో! మధ్యలో జరగాల్సినదంతా ఎడిటరు కత్తిరించాడు. నమ్మకం లేకపోతే ఇంట్లో బూటు వేసుకుని అందులో దువ్వెన పెట్టండి. నిలబడి, వంగి, ప్యాంటు పైకి లాగి, వేళ్లు లోపలికి పోనిచ్చి, దువ్వెన తీసి నిటారుగా నిలబడండి. ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టండి. ఆ కాసేపూ మీ తల కిందికి ఉంది, కళ్లు నేలమీద ఉన్నాయి, ఒక చెయ్యి ప్యాంటుకి అంకితం. విలన్ ఏం చేస్తున్నాడంటారు?

అమెరికాలో పోలీసుల్లో కొందరు ఇప్పటికీ చీలమండకి చిన్న తుపాకీ కట్టుకుంటారు. కాని వాళ్లకి దానికని తోలు ఒర ఉంటుంది, ట్రిగ్గరు కప్పి ఉంటుంది, ఏళ్లతరబడి సాధన ఉంటుంది. అంత ఉన్నా, కారులో కూర్చున్నప్పుడో కిందపడ్డప్పుడో అందుతుందని తప్ప, నిలబడి ఉన్నప్పుడు అది నిదానమేనని వాళ్లకీ తెలుసు.

* * *

దాచిన పిస్తోలు కథల్లో అన్నిటికంటె పెద్దది ఒక నటుడిది. తెరమీద కాదు, నిజంగా. జాన్ విల్క్స్ బూత్ పేరున్న రంగస్థల నటుడు. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్లో నాటకం చూస్తున్న అధ్యక్షుడు లింకన్‌ని వెనకనుంచి కాల్చాడు. వాడింది ఒకే ఒక్క గుండు పట్టే డెరింజర్. అది పేలాక పారేసి, కత్తి తీశాడు. పట్టుకోబోయిన సైనికాధికారిని పొడిచి, బాల్కనీ మీంచి స్టేజీమీదికి దూకాడు. ఆ రాత్రే కాలెముక విరిగింది. తెల్లవారుజామున ఒక డాక్టరు ఇంటికి చేరితే, వాచిన కాలునుంచి బూటు రాక, ఆయన దాన్ని కోసి తీయాల్సి వచ్చింది. ఆ బూటు తర్వాత పోలీసులకి దొరికింది. లోపల పేరు రాసి ఉంది! పన్నెండు రోజులకి బూత్ చచ్చాడు.

చూశారా? ఒక పిస్తోలు, దానికి తోడు ఒక కత్తి, రెండూ దాచుకునే వెళ్లాడు. రెండూ పనిచేశాయి. అయినా చివరికి మిగిలింది విరిగిన కాలు, సాక్ష్యం చెప్పిన బూటు.

* * *

ఇప్పుడు కాగితం వెనక రాసిన ప్రశ్నకి వస్తాను.

1971 ఆగస్టులో "మోసగాళ్లకు మోసగాడు" విడుదలయింది. కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్షను, ఆరుద్రగారి రచన, కృష్ణగారు హీరో. రాజస్థాన్ ఎడారిలో గుర్రాలు, టోపీలు, తుపాకులు! మా స్కూల్లో మగపిల్లలందరం ఆ నెల కౌబాయ్‌లమే. నా పక్క బెంచీలో ఒక స్నేహితుడు ఉండేవాడు. వాళ్ల నాన్నగారు ఫైర్ స్టేషన్లో పనిచేసేవారు. ఆ దీపావళికి నాన్నగారి గమ్ బూట్లు వేసుకుని, అందులో రీళ్ల తుపాకీ దోపుకుని వీధిలోకి వచ్చాడు. మేం "హేండ్సప్" అన్నాం. వాడు వంగాడు. తుపాకీ బూటులో ఇరుక్కుంది. లాగితే లాగితే రాలేదు. చివరికి వెల్లకిలా పడ్డాడు. వీధి వీధంతా నవ్వాం. వాడూ నవ్వాడు.

మూడేళ్లు గడిచాయి. కాలేజీలో చేరాం. బెల్ బాటమ్‌ల రోజులు. ఒక హీరో అభిమానులకీ ఇంకో హీరో అభిమానులకీ గోడమీద పోస్టరు దగ్గర మాటామాటా పెరిగింది. "రిలీజు రోజున చూసుకుందాం" అనుకున్నారు. ఆ రోజు మావాడు బెల్ బాటమ్ కింద, మేజోటిలో, వాళ్లింట్లో కూరలు కోసే చాకు పెట్టుకొచ్చాడు. నాకు చెప్పాడు. "ఏం చెయ్యన్రా, ఊరికే ధైర్యం కోసం" అన్నాడు. నేను వద్దనలేదు. ఆ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

అవతలి బ్యాచి అసలు రానేలేదు. టిక్కెట్ల గేటు తెరిచారు. జనం తోశారు. మావాడు కటకటాలమీంచి దూకాడు. చాకు మేజోటిలో కిందికి జారి, మడమ వెనక నరాన్ని తెగకోసింది. ముందు ఏమీ తెలియలేదన్నాడు. రెండడుగులు వేశాక కాలు మాట వినలేదు. రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళుతుంటే నా ఒడిలో తల పెట్టుకుని వాడు అడిగింది ఒకటే, "అమ్మకి ఆ చాకు సంగతి చెప్పకురా" అని.

వాడి మీద చెయ్యెత్తినవాడు లేడు. వాడు చెయ్యెత్తినవాడూ లేడు. ఫుట్‌బాల్ ఆడే కుర్రాడు ఆ రోజునుంచి కుంటుతున్నాడు.

బాబూ, దాచిన ఆయుధానికి అందరికంటె దగ్గరగా ఉండేది దాచినవాడే. శత్రువు ఎప్పుడో ఒకసారి వస్తాడు. అది మాత్రం రోజంతా నీ ఒంటినే అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని పెట్టుకున్నాక నువ్వు తప్పుకు పోవాల్సిన చోట తప్పుకోవు, నవ్వి ఊరుకోవాల్సిన మాటకి ఊరుకోవు. "నా దగ్గర ఉంది" అన్న ధీమా నిన్ను నిలబెడుతుంది. నిలబెట్టేది ఎక్కడో తెలుసా? నిలబడకూడని చోట. తుపాకీ సంగతంటావా, 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా దగ్గరుంచుకుంటే జైలే.

ఆ బ్యాచి సంగతి ఇంట్లో చెప్పు. లెక్చరరుకి చెప్పు. ఒంటరిగా వెళ్లకు, ఇద్దరు స్నేహితులతో వెళ్లు. చెప్పడం నామోషీ అనిపిస్తుంది, నాకు తెలుసు. ఆ రోజు నేను కూడా ఎవరికైనా చెప్పి ఉండాల్సింది.

* * *

2023 మే 31న, కృష్ణగారి పుట్టినరోజుకి, "మోసగాళ్లకు మోసగాడు" మళ్లీ థియేటర్లకి వచ్చింది. మావాడికి ఫోను చేశాను. ఇద్దరం వెళ్లాం. బాల్కనీ మెట్లు ఎక్కడానికి వాడికి నా భుజం కావాల్సి వచ్చింది. పక్క సీట్లలో మా మనవల ఈడు కుర్రాళ్లు ఈలలు వేస్తుంటే మావాడు కూడా రెండు వేళ్లు నోట్లో పెట్టి వేశాడు. పళ్లు లేక గాలే వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంటర్వెల్లో నీ ఈడు కుర్రాడొకడు వాణ్ని అడిగాడు, "తాతగారూ, కాలికి ఏమయింది?" అని.

వాడు నావైపు చూసి, "కౌబాయ్ వేషం వేశాను నాయనా" అన్నాడు.

బాబూ, నువ్వు మళ్లీ ఉత్తరం రాయి. ఆ బ్యాచి సంగతి ఏమయిందో చెప్పు. ఎదురుచూస్తుంటాను.