ఇంగ్లీషు ముచ్చట్లు: పడవవాణ్ణి రక్షించిందెవరు?

పిల్లలూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి దివిసీమ నుంచి వచ్చింది. వ్రాసినది పదో తరగతి చదువుకునే అమ్మాయి. వాళ్ళ ఊరు అవనిగడ్డకు దగ్గరే. ఉత్తరంతోబాటు అర్ధసంవత్సర పరీక్షలో తాను వ్రాసిన ఇంగ్లీషు జవాబుపత్రం నకలు కూడా పంపింది. నూటికి 32 మార్కులు వచ్చాయి. గట్టెక్కడానికి 35 కావాలి.

"మామయ్యా! గైడులో ఉన్న జవాబులన్నీ నాకు కంఠతా వచ్చు. కాని పరీక్షలో గైడులో లేని పేరా ఒకటి ఇచ్చారు. అందులో మాటలన్నీ నాకు తెలిసినవే. అయినా జవాబు తప్పయింది. మార్చిలో పబ్లిక్ పరీక్ష. అది పోతే నా చదువు ఇంతటితో ఆగిపోతుందేమోనని భయంగా ఉంది. మా నాన్నకు ఇంగ్లీషు రాదు. ఎవరిని అడగను?" అని వ్రాసింది.

మాటలన్నీ తెలిసి కూడా జవాబు తప్పడం ఎలాగా అని ఆ కాగితం నేను శ్రద్ధగా చూశాను. పేరాలో ఈ వాక్యం ఉన్నది: "ది బోట్‌మన్ వాజ్ సేవ్డ్ బై ది స్కూల్‌బాయ్." దానిమీద ప్రశ్న: ఎవరు ఎవరిని రక్షించారు? మన అమ్మాయి ఏం వ్రాసిందంటే, "ది బోట్‌మన్ సేవ్డ్ ది స్కూల్‌బాయ్" అని! అంటే పడవవాడు బడిపిల్లవాణ్ణి రక్షించాడని.

పాపం, ఆమె తప్పేమీ లేదు. కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్ల. ఏట్లో పడినవాళ్ళను పడవవాళ్ళు బయటికి లాగుతారని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. బోట్‌మన్, సేవ్, స్కూల్‌బాయ్ అనే మూడు పెద్దమాటలు చూసింది, లోకానుభవంతో వాటిని ఒక దండగా గుచ్చేసింది. మధ్యలో ఉన్న "వాజ్", "బై" అనే రెండు చిట్టిమాటలను వదిలేసింది. కథ కాస్తా తలకిందులైంది!

ఈ చిట్టిమాటల సంగతి ఏమిటో చూద్దాం. ముందు మన తెలుగు సంగతి చూడండి.

"పిల్లి ఎలుకను పట్టింది" అన్నా, "ఎలుకను పిల్లి పట్టింది" అన్నా అర్థం ఒకటే. చివరికి "పట్టింది ఎలుకను పిల్లి" అన్నా సరే, పట్టినది పిల్లే, చిక్కినది ఎలుకే. ఎందుకని? "ఎలుక" పక్కన "ను" ఉన్నది గనక. ఆ "ను" ఎలుకను అంటిపెట్టుకుని ఎక్కడికి పోయినా వెంట వస్తుంది. మీ తెలుగు మాస్టారు విభక్తులని చెప్పేవి ఇవే.

ఇంగ్లీషులో పేర్లకు ఇటువంటి "ను" లేదు. "ది క్యాట్ కాట్ ది ర్యాట్" అంటే పిల్లి ఎలుకను పట్టింది. రెండు మాటలూ చోట్లు మార్చుకున్నాయనుకోండి: "ది ర్యాట్ కాట్ ది క్యాట్." ఇప్పుడు ఎలుకే పిల్లిని పట్టింది! మాట ఒక్కటి కూడా మారలేదు, చోటు మాత్రమే మారింది. పనికి ముందు ఉన్నవాడు చేసినవాడు, పని తరవాత ఉన్నవాడు ఆ పని పడినవాడు. తెలుగులో "ను" చేసే కొలువు ఇంగ్లీషులో చోటు చేస్తుందన్నమాట.

మరి పని పడినవాణ్ణే ముందు చెప్పదలచుకుంటే? అప్పుడు పని పక్కకు "వాజ్" వస్తుంది, చేసినవాడి ముందుకు "బై" వస్తుంది. "ది ర్యాట్ వాజ్ కాట్ బై ది క్యాట్." ఎలుకను పిల్లి పట్టింది. మీ వ్యాకరణంలో "ప్యాసివ్ వాయిస్" అని భయపెట్టేది ఇదే. తెలుగులో దీన్ని "పట్టబడెను" అని అనువదించి వల్లెవేయకండి. ఆ తెలుగు ఎవరూ మాట్లాడరు. "ఎలుకను పిల్లి పట్టింది" అనండి, చాలు. ఇప్పుడు చెప్పండి, పడవవాణ్ణి రక్షించిందెవరు?

మీకు ఇంగ్లీషు తలకిందులుగా కనిపిస్తే, ఇంగ్లీషువాళ్ళకు తెలుగు తలకిందులుగా కనిపించింది. 1611లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు గ్లోబు అనే ఓడలో వచ్చి మన బందరులో వర్తకస్థానం పెట్టారు. అప్పటినుంచీ వచ్చిన దొరలలో తెలుగును పట్టుదలగా నేర్చుకున్నవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన 1817లో మద్రాసులో దిగాడు, కొంతకాలం బందరులో కూడా ఉద్యోగం చేశాడు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. ఆ 1852లోనే ఆయన ఒక తెలుగు వాచకం కూడా తెచ్చాడు. అందులో ఏమున్నాయనుకున్నారు? జనం వ్రాసుకున్న ఉత్తరాలు, వ్యాపారపు కాగితాలు, పోలీసు వ్యవహారాలు! వాటికి ఇంగ్లీషు అనువాదం, వ్యాకరణం మీద వివరణలు చేర్చాడు. నిజమైన మనుషులు నిజమైన పనిమీద వ్రాసిన మాటలతో భాష నేర్పవచ్చునని ఆయన నమ్మకం. నాకు ఈ పద్ధతి గైడుకంటె మేలుగా తోస్తుంది. బందరులో రాబర్టు నోబుల్ పెట్టిన ఇంగ్లీషు బడి 1843 నాటిది. అక్కడ చేరిన పిల్లలకు ఇప్పటిలా గైడులు ఎక్కడివి?

సరే, మనమూ మన ఊరి సంగతితోనే ఒక పేరా చదువుదాం. దీన్ని మీ నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసుకోండి. స్పెల్లింగులకు నిఘంటువు చూడండి.

"ఎ బాండికూట్ డగ్ ఎ హోల్ ఇన్ ది కెనాల్ బండ్. వాటర్ లీక్డ్ త్రూ ది హోల్ ఆల్ నైట్. బై మార్నింగ్ ది ఫీల్డ్ బిలో వాజ్ ఫ్లడెడ్. ది ఫార్మర్ హూ ఫౌండ్ ది హోల్ ప్లగ్డ్ ఇట్ విత్ క్లే అండ్ స్ట్రా."

బాండికూట్ అంటే ఏమిటో తెలియలేదా? మెల్లిగా పలికి చూడండి. బాండి... కూట్. పంది... కొక్కు! ఔను, మన పందికొక్కే. ఈ మాట తెలుగునుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. అంతటితో ఆగక ఆస్ట్రేలియాదాకా పోయింది. అక్కడ పొట్టసంచిలో పిల్లలను మోసే ఒక చిన్న జంతువుకు ఇంగ్లీషువాళ్ళు ఇదే పేరు పెట్టారు. అది ఎలుకజాతి కానే కాదు. చూపుకు కాస్త పోలిక కనిపించింది, అంతే.

ఇక పేరా సంగతి. మొదటి వాక్యంలో "ఎ హోల్", రెండోదానిలో "ది హోల్" అని ఉన్నది. గమనించారా? మొదటిసారి చెప్పినప్పుడు "ఒక కన్నం", మళ్ళీ చెప్పినప్పుడు "ఆ కన్నం". అమ్మమ్మ కథ చెప్పేటప్పుడు "అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు" అంటుంది చూడండి, అదే కిటుకు. ఈ "ఎ", "ది" ఖాళీలు ఇచ్చినప్పుడు అమ్మమ్మను తలుచుకోండి. అన్నిచోట్లా ఇది పనిచేస్తుందని చెప్పను. "కెనాల్ బండ్" ముందు మొదటిసారే "ది" వచ్చింది. ఊళ్ళో అందరికీ తెలిసిన కాలవగట్టు గనక అలా వచ్చింది.

మూడో వాక్యంలో మన పాత నేస్తం "వాజ్" ఉన్నది. పొలం మునిగింది. కాని "బై ఫలానావాడు" అని లేదు. "బై మార్నింగ్" ఉన్నదే అంటారేమో! ఆ "బై" వేరు. "తెల్లవారేసరికి" అని దానికి అర్థం. పొలాన్ని ముంచినవాడు తెల్లవారుజాము కాదుగదా! చేసినవాణ్ణి చెప్పనక్కరలేనప్పుడు ఇంగ్లీషు ఇలా దాటేస్తుంది.

నాలుగో వాక్యంలోనే చాలామంది తడబడతారు. "ఫౌండ్", "ప్లగ్డ్" అని రెండు పనులు ఉన్నాయి. తెలుగులో "కన్నం కనిపెట్టిన రైతు దాన్ని పూడ్చాడు" అంటాం. "కనిపెట్టిన" అనేది రైతుకు ముందు వస్తుంది. ఇంగ్లీషులో రైతు ముందు వస్తాడు, "హూ" అనే తాడు కట్టుకుని "ఫౌండ్ ది హోల్" అనేది వెనక వస్తుంది. ఆ తాడుకట్టిన ముక్కను పెన్సిలుతో బ్రాకెట్టులో పెట్టండి. మిగిలినదేమిటి? "ది ఫార్మర్ ప్లగ్డ్ ఇట్." ఎంత చిన్నదైపోయింది!

ఇప్పుడు ప్రశ్న. "వాట్ డిడ్ ది బాండికూట్ డిగ్?" పేరాలో "డగ్" ఉండగా ప్రశ్నలో "డిగ్" వచ్చిందేం? "జరిగిపోయింది" అనే బరువును "డిడ్" ఎత్తుకున్నది గనక "డిగ్" తేలికపడింది. జవాబులో "డిడ్" ఉండదు, అంచేత బరువు మళ్ళీ దానిమీదికే వస్తుంది: "ది బాండికూట్ డగ్ ఎ హోల్." దివిసీమ అమ్మాయి కాగితంలో ఇటువంటి తప్పులు నాలుగున్నాయి. "డిడ్ డగ్" అని ఒకచోట, "డిడ్ వెంట్" అని ఒకచోట. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆమె గట్టెక్కేదని నా లెక్క.

మాటల సంగతి కూడా కొంచెం చెప్పాలి. రోజుకు యాభై మాటలు కంఠస్థం చేయండని మీకు ఎవరైనా చెబితే వినకండి. మీ ఊళ్ళో అప్పుడే తిరుగుతున్న మాటలు పట్టుకోండి. కాలవమీద "లాకులు" అంటాం. అది ఇంగ్లీషు మాటే. తలుపు తాళమూ లాకే, నీటిని ఆపి పడవను ఎక్కించి దించే కాలవ తలుపులూ లాకే. పేరాలో "బోట్" కనిపిస్తే ఏ లాకో మీకే తెలుస్తుంది. పులిగడ్డ దగ్గర నదిమీదుగా దివిసీమకు కాలవనీళ్ళు తీసుకుపోయే కట్టడాన్ని "ఆక్విడెక్టు" అంటారు. "ఆక్వా" అంటే లాటిన్ భాషలో నీళ్ళు. రెండో ముక్కకు తీసుకుపోయేదని అర్థం. చేపల తొట్టికి "అక్వేరియం" అని పేరు ఎందుకు వచ్చిందో ఇక నేను చెప్పాలా? గుడివాడ స్టేషను బోర్డుమీద "జంక్షన్" అని ఉంటుంది. బందరు వెళ్ళే రైలుదారి, భీమవరం వెళ్ళే రైలుదారి అక్కడ కలుస్తాయి. "జాయిన్", "జాయింట్", "జంక్షన్" ఒక ఇంటివాళ్ళు. వ్యాకరణంలో "అండ్", "బట్", "బికాజ్" అనే మాటలను "కంజంక్షన్లు" అంటారు. అవి చేసే పనీ రెండు వాక్యాలను కలపడమే. బెజవాడ దగ్గర 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్టను దొరలు "యానికట్" అని వ్రాసుకున్నారు. దక్షిణాది మాటే అది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది, కాని ఆ మాట ఇంగ్లీషు నిఘంటువులో ఉండిపోయింది.

ఇక ఈ నాలుగు మాటలు పెద్దలకు. దివిసీమ అమ్మాయి నాన్నగారూ! తమకు ఇంగ్లీషు రాదని తమరేమీ చిన్నబుచ్చుకోవద్దు. రోజూ రాత్రి భోజనాలయ్యాక పావుగంట కూర్చోండి. అమ్మాయి ఒక్కొక్క ఇంగ్లీషు వాక్యం చదివి తెలుగులో చెబుతుంది. తమరు మూడే మూడు ప్రశ్నలు అడగండి: ఎవరు? ఏం చేశారు? ఎవరిని, లేక దేన్ని? ఆమె "కన్నం రైతును పూడ్చింది" అంటే తమకు నవ్వు రాక మానదు. పందికొక్కుల సంగతి గైడు వ్రాసినవాడికంటె తమకే బాగా తెలుసు. అయితే ఒక జాగ్రత్త. పడవవాడి కథలో లోకానుభవమే మోసం చేసింది. అందుచేత జవాబు సబబుగా ఉన్నా సరే, "ఆ సంగతి ఏ మాటలో ఉందమ్మా? వేలు పెట్టి చూపించు" అని అడగండి. చూపించలేకపోతే అది ఊహించి చెప్పిందన్నమాట.

పదో తరగతి ఇంగ్లీషు పత్రంలో చదివి జవాబులు వ్రాయడం, వ్యాకరణమూ మాటలూ, సొంతంగా వ్రాయడం అని మూడు రకాలుగా పరీక్షిస్తారు. ఈ వేలుపెట్టి చూపించే ఆట మొదటి రెండింటికీ సరిపోతుంది. మూడోదాని సంగతి మరొకసారి మాట్లాడుకుందాం.

ఈ నెల అభ్యాసం. పందికొక్కు పేరాలో నాలుగో వాక్యాన్ని "ది హోల్ వాజ్..." అని మొదలుపెట్టి వ్రాయండి. రైతు ముందు ఏ చిట్టిమాట రావాలో చూసుకోండి. తరవాత మీ ఊరి లాకు దగ్గరో, రేవు దగ్గరో, స్టేషనులోనో మీరు కళ్ళారా చూసిన సంగతి ఒకటి అయిదు చిన్న వాక్యాలలో ఇంగ్లీషులో వ్రాసి పంపండి. ప్రతి వాక్యంలో చేసినవారి కింద ఒక గీత, పని కింద రెండు గీతలు గీయండి.

దివిసీమ అమ్మాయీ! నీ తరవాతి పరీక్ష జవాబుపత్రం కూడా నకలు పంపించు. మార్కులు ఎన్ని వచ్చినా సరే, పంపించు. వచ్చే నెల "డిడ్" సోదరులను మరికొందరిని పరిచయం చేస్తాను.

మీ
మామయ్య