స్ప్రేయరు మరమ్మతు రైతు చేతిలో ఉండవలెను

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతములలో మిరప, ప్రత్తి పండించు రైతుకు నాగలి ఎంతటిదో స్ప్రేయరు అంతటిది. నాగటి కర్రు మొద్దుబారినచో మన పెద్దలు ఆ సాయంత్రమే ఊరి కొలిమి వద్దకు పోయెడివారు. స్ప్రేయరు మొరాయించినచో మనము దానిని మోటారు సైకిలుపై కట్టుకొని పట్టణమునకు పోయి, మెకానికు ఎప్పుడు తీరిక చేసికొనునా యని కూర్చుండుచున్నాము. ఈ అలవాటు మానవలెనని నా అభిప్రాయము.

2021-22లో మిరప పూతపై నల్ల తామరపురుగు విరుచుకుపడిన సంగతి ఎవరికిని మరపు రాదు. ఆ దినములలో మునేటి ఒడ్డున ఒక గ్రామమునకు పోగా, ఒక రైతు రెండు రోజులుగా మందు కొట్టక చేతులు ముడుచుకొని యున్నాడు. స్ప్రేయరు పాడైనదనెను. విప్పి చూడగా నాజిలు రంధ్రములో ఇసుక రేణువు అడ్డుపడినది. ట్యాంకు మూతిలోని జల్లెడ చినిగినదని ఎప్పుడో తీసి పారవేసినారట! పది నిమిషముల పనికి రెండు రోజులు పోయినవి. (ఆ పురుగు మందులకు సరిగా లొంగలేదన్నది వేరు సంగతి.)

కాలము పోవుట ఒక నష్టము. అంతకు మించిన నష్టము వేరొకటి కలదు. మూత వద్దనో, గొట్టము అతుకు వద్దనో కారుచున్న ట్యాంకును వీపున మోయువాడు తరచు కూలివాడు. ఎకరమునకు 200 లీటర్ల ద్రావణము కొట్టవలెనన్నచో, 16 లీటర్ల ట్యాంకు పన్నెండు పదమూడు సార్లు వీపుకెక్కును. అన్నిసార్లును విషము చొక్కాను తడిపి చర్మము గుండా ఒంటిలోనికి పోవుచుండును. రూపాయల వాషరు వేయక, సాయంత్రము వానికి తల తిరిగినదని విని ఎండదెబ్బ యనుకొను యజమానులను చూచితిని.

ఇది పెద్ద విద్య కాదు. నాజిలు మూసికొన్నచో పాత పళ్ల బ్రష్షుతో, నీటితో కడుగవలెను. నోటితో ఎన్నడును ఊదరాదు. సూది, తీగ పెట్టరాదు. రంధ్రము పెద్దదై తుంపర చెడును. నాజిలు అరిగినదీ లేనిదీ కంటికి తెలియదు. కొత్త నాజిలు నుండి వచ్చు మంచినీటిని ఒక్క నిమిషము కొలపాత్రలో పట్టి, ఆ లెక్క గోడపై వ్రాసి యుంచుడు. ఉదాహరణకు కొత్తది 600 మిల్లీలీటర్లు ఇచ్చినదనుకొందము. తరువాత ఎప్పుడైనను 660 దాటినచో ఆ నాజిలును మార్చవలెను. లేనియెడల ప్రతి ఎకరమునకు పదవ వంతు మందు వృథాగా కొట్టుచున్నట్లే. చేతి పంపులోని తోలు వాషరు ఎండినచో ఆముదము పట్టించిన చాలును. రబ్బరు వాషరునకు డీజిలు, కిరసనాయిలు తగులనీయరాదు, ఉబ్బిపోవును. విప్పుటకు ముందు ట్యాంకును, గొట్టమును మూడుసార్లు నీటితో కడిగి, చేతులకు తొడుగులు వేసికొనుట మరువరాదు.

అన్నియు మనమే విప్పవలెనని నేననను. బావి మోటారు స్టార్టరు పెట్టె జోలికి పోవలదు. అది ఎలక్ట్రీషియను పని. ప్రాణముతో చెలగాటము కూడదు.

మా వంతు లోపమును కూడ చెప్పవలెను. మందు మోతాదు చెప్పుటకు చూపు శ్రద్ధను మేము వాషరు మార్చుట నేర్పుటలో చూపుట లేదు. ప్రతి రైతు సేవా కేంద్రములో నాలుగు రకముల వాషర్లు, నాజిళ్లు, ఒక కొలపాత్ర ఉంచినచో ఎంత మేలు! గ్రామ వ్యవసాయ సహాయకులు తొలకరికి ముందు ఒక ఉదయము ఊరి స్ప్రేయర్లన్నిటిని రచ్చబండ వద్దకు తెప్పించి, వట్టి నీరు పోసి కొట్టించి చూడవలెను. ఏది కారునో అందరి ఎదుటనే తెలిసిపోవును. ఆ దినమున యజమానులతో పాటు మందు కొట్టు కూలీలను కూడ పిలువవలెను. పొలములో యంత్రము వారి వీపుననే యుండును గదా.