పూడ్చిన సముద్రం, ఎండిన మడి

కొలంబో చూడబోయినవారు ఇప్పుడు పోర్ట్ సిటీకి కూడా వెళ్తున్నారు. గాల్‌ఫేస్ మైదానం పక్కనే సముద్రాన్ని పూడ్చి తీసిన 269 హెక్టార్ల నేల అది. 2022 జనవరిలో ఒడ్డున నడకదారి జనానికి తెరిచారు. సాయంత్రం గాలి హాయిగానే ఉంటుంది. కాని ఆ నేల ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి పోయింది?

ఇసుకను కడలి అడుగు నుంచి తోడారు. చేపలు గుడ్లు పెట్టే చోట్లు పాడవుతున్నాయని నెగొంబో జాలర్లు మొత్తుకున్నారు, 2016లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. అయినా పని సాగింది. 116 హెక్టార్లు 99 ఏళ్ల కౌలుకు చైనా కంపెనీకి దక్కాయి. మన కౌలుదారు ఏడాదికి కాగితం రాసివ్వమంటే ఎంత గొడవ!

2021 మే నెల చూడండి. మొదటివారంలో రాజపక్స ప్రభుత్వం రసాయనిక ఎరువుల దిగుమతిని నిషేధించింది. అదే నెల 20న పోర్ట్ సిటీ చట్టం పార్లమెంటులో నెగ్గింది. కంపెనీలకు దశాబ్దాల తరబడి పన్ను మినహాయింపులకు దారి తీసింది. సేంద్రియ సాగు అని పేరు పెట్టారుగాని వెనక ఉన్నది డాలర్ల కటకట. నవంబరులో నిషేధం ఎత్తేసేసరికే అదను దాటింది. వరి దిగుబడి పడిపోయి, బియ్యం బయటినుంచి తెచ్చుకోవలసివచ్చింది.

2022 ఏప్రిల్లో దేశం అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. జనం చేరింది ఆ గాల్‌ఫేస్‌లోనే. జూలైలో గొటబయ దేశం విడిచి పారిపోయాడు.

రేవులు వద్దని ఎవరూ అనరు. పండే మడికి ఎరువు ఆపి, పుట్టీపుట్టని నేలకు రాయితీలు కురిపించడం ఎవరి లెక్క? అది రైతులంతా అడగాలి.